మూత విప్పని మోడల్

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో లాప్‌టాప్ కొనడానికి వచ్చినవాళ్ళు ముందు పది అంగళ్ళు తిరుగుతారు. పది చోట్ల పది మాటలు విని, ఏది తీసుకోవాలో తెలియక, చివరికి ఏ టీ అంగడి దగ్గరో నిలబడి ఎవరినైనా అడుగుతారు. ఒకప్పుడు అలా అడిగినవాళ్ళకు ఆ వీధిలో సగం మంది ఒకే మాట చెప్పేవాళ్ళు. మెట్ల పైన అంగడిలో గురుమూర్తి అని ఒకాయన ఉన్నాడు, ఆయన చెప్పింది తీసుకోండి, మళ్ళీ ఆలోచించొద్దు అని.

గురుమూర్తికి ఈ కథ నాటికి యాభై నాలుగేళ్ళు. ఆ అంగడిలో ఇరవై రెండేళ్ళుగా లాప్‌టాప్‌లు అమ్ముతున్నాడు. చదువు పియుసి, అంటే ఇంటర్ దగ్గరే ఆగింది. కంపెనీలు పంపే ఇంగ్లీషు కాగితాలు చదవడం రాక కాదు, చదవడు. చదవకపోవడమే ఆయనకు గొప్ప. అది తండ్రి నుంచి వచ్చిన జబ్బు.

తండ్రి రామయ్య కబ్బన్‌పేటలో పట్టు చీరలు నేసినవాడు. ఎవరైనా చీర తెచ్చి ఎలా ఉందని అడిగితే అంచూ కొంగూ చూసేవాడు కాదు, మొదట తిరగేసేవాడు. ముందువైపు అమ్మేవాడి కోసం నేస్తారు, వెనకవైపు కట్టుకునేదాని కోసం నేస్తారు అనేవాడు. ఒకసారి తను నేసిన చీరలో ఒక చోట పోగు తప్పిందని రాత్రి భోజనం దగ్గర గుర్తొచ్చి, తెల్లారగానే చిక్కపేటకు నడిచి వెళ్ళి, అంగడివాడు వద్దంటున్నా చీర వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ కథ గురుమూర్తి ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. చెప్పేటప్పుడల్లా కాస్త ఛాతీ విరుచుకునేవాడు కూడా.

మగ్గం పోయింది గానీ తిరగేసి చూసే అలవాటు పోలేదు. అంగడికి కొత్త మోడల్ ఏది వచ్చినా మొదటి దాన్ని గురుమూర్తి పసుపు గుడ్డ మీద బోర్లా పడుకోబెట్టేవాడు. ఒక్కో మరా విప్పి వెనక మూత తీసేవాడు. మెమరీ పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందా, బ్యాటరీని మరలతో బిగించారా జిగురుతో అంటించారా, ఫ్యాన్ ఎంత ఉంది, మడత దగ్గర ఇనుమా ప్లాస్టిక్కా అని చూసేవాడు. మూత మళ్ళీ బిగించాక ఆ మోడల్ జాతకం ఆయన బుర్రలో ఉండేది. తెర ఎంత మెరిసినా, ఏఐ కోసం ప్రత్యేకంగా చిప్ పెట్టామని పెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలు వేసినా, ఆయన లెక్కలో మూత తీసిన తరువాతే మాట.

కొనేవాళ్ళు వస్తే మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎక్కడ కూర్చుని పని చేస్తారు, దీన్ని ఎవరు మోస్తారు, ఎన్నేళ్ళు నడవాలి. ఏం పనికి అని మాత్రం అడిగేవాడు కాదు. ఆ ప్రశ్నకు జనం నిజం చెప్పరు, సినిమాలు చూడటానికి కొనేవాడు కూడా పిల్లల చదువుకంటాడు అని ఆయన నమ్మకం. తరువాత తెల్ల కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, అటొక మోడల్, ఇటొక మోడల్ రాసి, ప్రాసెసర్, మెమరీ, తెర, బరువు, లోపల వచ్చే సాఫ్ట్‌వేర్ ఏడాదికి ఇచ్చారా ఎప్పటికీ ఇచ్చారా, అన్నీ పోల్చి చివరికి ఒకదాన్ని కొట్టేసేవాడు. రెండూ బాగున్నాయి అనే మాట ఆయన నోటి నుంచి ఇరవై రెండేళ్ళలో ఎవరూ వినలేదు. ఆ మాట చెప్పేవాడు చూడనైనా చూడలేదు, లేదా చూసి చెప్పడం లేదు అనేవాడు.

ఇదంతా బాగా నడిచిన రోజుల మాట. తరువాత నానాటికి తీసికట్టు అయింది. బ్రూక్‌ఫీల్డ్ నుంచి వచ్చే ఐటీ పిల్లలు ఫోన్‌లో పన్నెండు మోడళ్ళు పోల్చుకుని వస్తారు. గురుమూర్తిని అడిగేది ఒక్కటే, ధర ఎంత తగ్గిస్తారు అని. ఇక ఆయన మాట కోసం వచ్చేది ఆ పోలికలు చేసుకోలేనివాళ్ళు. పాత పేటల్లోని నేతవాళ్ళు, కోలారు వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు. వాళ్ళు తగ్గేకొద్దీ గురుమూర్తికి వాళ్ళంటే ఆశ పెరిగింది. ఎవరైనా వచ్చి సార్, మీరే చెప్పండి అంటే ఆయన మొహం వెలిగేది. ఆ వెలుగే తరువాత ఆయన కొంప ముంచింది.

పాత యజమాని పోయాక కొడుకు అశోక్‌కుమార్ గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాడు. వస్తూనే రెండు నియమాలు పెట్టాడు. ఒకటి, కొత్త మోడళ్ళ మూతలు ఎవరూ విప్పకూడదు, సీలు చిరిగితే కంపెనీ వెనక్కి తీసుకోవడం లేదు. రెండు, వారం రోజుల లోపల వాపసు వచ్చిన ప్రతిదాన్నీ అమ్మినవాడి పేరు కింద పుస్తకంలో రాస్తారు, ఏడాదిలో మూడు వస్తే ఆ మనిషిని కె.ఆర్.పురం గోడౌన్‌కు పంపేస్తారు. గోడౌన్‌లో జీతం తగ్గదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టెలు దించడం, ఎక్కించడం, లెక్కపెట్టడం. వేరేవాళ్ళకు అది పెద్ద కష్టం కాదు. గురుమూర్తికి మాత్రం ఆ పేరు వింటేనే అన్నం సహించేది కాదు, అక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు కాబట్టి. ఆ ఏడాది జూన్‌కే ఆయన పేరు కింద రెండు వాపసులు పడ్డాయి. ఒకటి రంగు భార్యకు నచ్చలేదని, ఒకటి కొడుకుకు ఇంకెక్కడో తక్కువకు దొరికిందని. తన తప్పేమీ లేదు. అయినా పుస్తకంలో రెండు గీతలు రెండు గీతలే.

జూన్ నెలలో ఒక ఆదివారం అత్తిబెలె నుంచి రమ్య వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. అక్కడొక ఫ్యాక్టరీలో తయారైన ఇనుప భాగాలు కొలత సరిపోయాయా లేదా అని చూసే పని. ఎనిమిది గంటలూ నిలబడే చెయ్యాలి. రెండేళ్ళకే మడమలు వాచిపోయి, చెప్పుల పట్టీలు బిగించుకోలేక వదిలేసి తిరుగుతోంది. షిఫ్ట్ అయ్యాక చందాపురలో ఒక సెంటర్‌లో కంప్యూటర్ మీద యంత్రాల బొమ్మలు గీయడం నేర్చుకుంటోంది. జనవరిలో పరీక్ష. గట్టెక్కితే అదే ఫ్యాక్టరీలో పైన డ్రాయింగ్ గదిలో కుర్చీ దొరుకుతుంది. ఆ కుర్చీ కోసమే లాప్‌టాప్.

గురుమూర్తి రెండు మోడళ్ళు తీసి ముందు పెట్టాడు. కంపెనీ పేర్లు మనకెందుకు, ఒకటి సన్నది, ఒకటి లావుది అనుకుందాం. ధర ఇంచుమించు ఒకటే. సన్నది కొత్తగా వచ్చింది. కిలో పైన కాస్త బరువు, తెర ఎండలో కూడా కనిపిస్తుంది, బ్యాటరీ రోజంతా వస్తుంది, కొత్త ఏఐ చిప్, మెమరీ మాత్రం ఎనిమిది జీబీ. లావుది రెండు కిలోలకు దగ్గర, తెర మసక, ఫ్యాన్ తిరిగితే పక్కవాడికి వినపడుతుంది, కానీ మెమరీ పదహారు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు మొదట్లో ఎనిమిది చాలు. పెద్ద యంత్రం మొత్తం గీసే పాఠాలకు వచ్చేసరికి పదహారు లేకపోతే కదలదు. ఇది గురుమూర్తికి తెలుసు.

మూడు ప్రశ్నలు అడిగాడు. ఆ పిల్ల ఫ్యాక్టరీ నుంచి నేరుగా క్లాసుకు పోతుంది, రెండు బస్సులు మారాలి, సీటు దొరకదు. ఎన్నేళ్ళు నడవాలంటే, మళ్ళీ కొనే శక్తి లేదు, ఎంతకాలం నడిస్తే అంతకాలం అంది. గురుమూర్తి ఆమె కాళ్ళ వైపు చూశాడు. ఆ కాళ్ళ మీద రెండు కిలోలు ఎక్కించడానికి మనసొప్పలేదు. కాగితం మీద లావుదాన్ని కొట్టేశాడు.

"ఇది తీసుకోమ్మా. దసరాకు బోనస్ వస్తాది కదా, అప్పుడు రా. వెనక మూత తీసి ఇంకో ఎనిమిది వేసిస్తా. పావుగంట పని" అన్నాడు.

ఇదే సన్నదానిలో పోయిన ఏడాది మోడల్‌ను ఆయన చేతులారా విప్పాడు. లోపల ఒక ఖాళీ స్లాట్ ఉంది, కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఈ ఏడాది మోడల్‌ను విప్పలేదు, విప్పనివ్వలేదు. ఆ సంగతి అప్పుడు ఆయనకు తట్టలేదు.

రమ్య బల్ల మీదున్న కంపెనీ కాగితం తీసుకుని మెల్లగా చదువుకుంటోంది. మెమరీ అన్న చోట చిన్న అక్షరాల దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఆన్‌బోర్డ్ అని ఏమో రాసుండారు, దానర్థం ఏంది సార్?" అని అడిగింది.

"ఆ కాగితాలు కంపెనీవాళ్ళు రాసుకునేవమ్మా. నేను లోపల చూసినవాణ్ణి" అన్నాడు గురుమూర్తి నవ్వుతూ. ఆ తరువాత చిక్కపేట చీర కథ కూడా చెప్పాడు. రమ్య ఇంకేం అడగలేదు. మీరు చెప్పినారు కదా, ఇదే ఇవ్వండి అంది. ఆమె వెళ్ళాక గురుమూర్తి తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు: రమ్య, అత్తిబెలె, దసరాకు ఇంకో ఎనిమిది.

గురువారం నాడు అదే సన్న మోడల్ ఒకటి రిపేరుకు వచ్చింది. ఎవరో కీబోర్డు మీద టీ ఒలకబోసుకున్నారు. రిపేరు చూసే మహేశ్ దాని మూత తీస్తుంటే గురుమూర్తి అలవాటు కొద్దీ తొంగి చూశాడు. స్లాట్ ఉండవలసిన చోట నున్నటి పచ్చ బోర్డు ఉంది. మెమరీ అంతా బోర్డుకే అతికించేసి ఉంది. స్లాట్ ఎక్కడప్పా అని అడిగితే మహేశ్ తల ఎత్తకుండానే చెప్పాడు. ఈ ఏడాది తీసేశారట, సన్నగా చెయ్యడానికి. కాగితంలో ఆన్‌బోర్డ్ అని రాసే ఉందట, అంటే బోర్డుకే అతికించింది, తరువాత పెంచేది లేదు అని అర్థమట.

గురుమూర్తి బల్ల దగ్గరికి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. ఉంది. ఆ పిల్ల వేలు పెట్టిన చోటే ఉంది. కాగితాలను వెక్కిరిస్తూ ఇరవై రెండేళ్ళు గడిపినవాణ్ణి కాగితమే పట్టుకుంది. తిరగేసి చూసేవాణ్ణని ఊరంతా చెప్పుకున్నవాడు ఒక్క మోడల్ తిరగేయకుండా పప్పులో కాలేశాడు.

ఇంకా అంతా చెయ్యి దాటిపోలేదు. అమ్మి అయిదు రోజులే అయింది. శనివారం సాయంత్రం లోపల తెస్తే మార్చి లావుది ఇవ్వొచ్చు. బిల్లు మీద ఆమె నంబరు ఉంది. ఒక్క ఫోన్ చేస్తే చాలు. కానీ మార్చినా వాపసు కిందే లెక్క, ఆ ఫోన్ చేస్తే గురుమూర్తి పేరు కింద మూడో గీత పడుతుంది.

సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ భార్య పద్మావతికి చెప్పాడు. ఆమె మజ్జిగ వంచుతూ విని, "దీనికింత ఆలోచన ఎందుకు? ఫోన్ చేసి చెప్పేయండి. మామ ఉంటే ఈపాటికి అత్తిబెలె బస్సు ఎక్కేసుండేవాడు" అంది. గోడౌన్‌కు పంపుతారే అన్నాడు. పంపితే పోండి, అక్కడేమన్నా పులులుండాయా అంది ఆమె. గురుమూర్తి రేపు చేస్తానని చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం అశోక్‌కుమార్ పొద్దున్నే ఎవరి మీదో అరిచాడు. ఈ రోజు వద్దులే అనుకున్నాడు గురుమూర్తి. చెయ్యకూడదనుకున్న పనికి ఏదో ఒక సాకు దొరకకుండా పోదు. శనివారం మధ్యాహ్నం దాకా కొనేవాళ్ళు వచ్చారని, తరువాత టీ తాగొద్దామని జరిపాడు. ఆరు గంటలకు మెట్ల కింద నిలబడి నంబరు నొక్కాడు. రెండుసార్లు మోగింది. కట్ చేశాడు.

నిమిషం తిరక్కుండానే ఆ పిల్లే చేసింది. "సార్, మీ అంగడి నుంచి ఫోన్ వచ్చిండె."

నిజం గురుమూర్తి నోటి దాకా వచ్చింది. అంతలో పై మెట్టు మీద అశోక్‌కుమార్ ఎవరినో సాగనంపుతూ కనిపించాడు.

"ఊరికేనమ్మా. లాప్‌టాప్ బాగా నడస్తా ఉండాదా అని అడిగేదానికి" అన్నాడు.

"చానా బాగుండాది సార్. క్లాసులో అందరూ చూసినారు. ఇంత తేలిగ్గా ఉండాదే, ఎవరు చెప్పినారు అని అడిగిరి. మీ పేరు చెప్పినా" అంది. అమ్మిన తరువాత కూడా ఫోన్ చేసి అడిగేవాళ్ళు ఉంటారని తనకు తెలియదని, ఇంట్లో చెప్తానని కూడా అంది. ఫోన్ పెట్టేసి గురుమూర్తి మెట్లెక్కాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోతున్నాయి. ఎనిమిదిన్నరకు అంగడి షట్టర్ దించారు, వారం గడువు అయిపోయింది.

తరువాత నాలుగు నెలలు గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే గడిచాయి. భుజాన సంచీతో ఏ ఆడపిల్ల మెట్లెక్కినా ఆయన లోపలికి వెళ్ళి ఏదో సర్దేవాడు. మరిచిపోయి ఉంటుందిలే అనుకునేవాడు. పెళ్ళి కుదిరి చదువు మానేసి ఉంటుందిలే అని కూడా ఒక రోజు అనుకున్నాడు, అనుకుని తన మీద తనకే రోత పుట్టింది. ఎవరూ చూడనప్పుడు కంపెనీ కాగితాలు మొదటి నుంచి చివరి దాకా చదవడం మొదలుపెట్టాడు. పద్మావతి రెండుసార్లు అడిగి మూడోసారి అడగడం మానేసింది.

ఆయుధ పూజకు అంగడిలో మరలు విప్పే పనిముట్లన్నిటికీ కుంకుమ పెట్టి, గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టారు. మూడో రోజు రమ్య వచ్చింది. వెంట సౌమ్య అని తనతో పాటు పనిచేసే పిల్ల ఉంది. రమ్య ఫ్యాక్టరీలో బోనస్‌తో పాటు ఇచ్చిన మైసూర్‌పాక్ డబ్బా ముందు గురుమూర్తి చేతిలో పెట్టింది. తరువాత సంచీలోంచి లాప్‌టాప్ తీసింది. మూత మీద పసుపు, మూడు కుంకుమ బొట్లు. మడత సందులో ఒక బంతిపూరేకు ఎండి ఇరుక్కుని ఉంది. ఇంట్లో దానికి కూడా పూజ చేశారు.

ఇంకో ఎనిమిది వేయించుకుంటానంది. పెద్ద పాఠాలు మొదలయ్యాయట. బొమ్మ సగం గీసేసరికి నిలిచిపోతోందట. సెంటర్‌లో సారు పదహారు లేకుంటే కాదన్నాడట, మా అంగడి సారు దసరాకు వేసిస్తానన్నాడని ఆయనకు చెప్పిందట.

"ఇందులో వేసేదానికి కాదమ్మా. ఈ సంవత్సరం బోర్డుకే అతికించేసినారు" అన్నాడు గురుమూర్తి.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అప్పుడు మీకు తెలీదా సార్?" అని అడిగింది. నిష్ఠూరం లేదు, అడిగింది అంతే.

"తెలీదమ్మా" అన్నాడు. ఆదివారం నాటికి అది నిజం. గురువారం నాటికి అబద్ధం. ఏ రోజు సంగతి చెప్తున్నాడో ఆయనకు బాగా తెలుసు.

రమ్య లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది. "పోనీలే సార్. మీకే తెలీకుంటే ఇంగెవరికి తెలుస్తాది" అంది. సెంటర్‌లో పదహారున్న కంప్యూటర్ ఒకటి ఉంది గానీ తన షిఫ్ట్ అయ్యేసరికి అది ఖాళీ ఉండదు, ఈ జనవరికి కాకపోతే పై జనవరికి రాస్తానని, ఆయన్నే సముదాయిస్తున్నట్టు చెప్పింది. తరువాత సౌమ్యను ముందుకు తోసింది. ఈమె కూడా అదే క్లాసులో చేరిందట, ఈమెకు ఒకటి చూడమంది. మీరు చెప్పిందే తీసుకుంటుందట.

బల్ల మీద సన్నదీ లావుదీ ఇంకా పక్కపక్కనే ఉన్నాయి. గురుమూర్తి తెల్ల కాగితం తీసి నిలువుగా గీత గీశాడు. పెన్ను అక్కడే ఆగిపోయింది. సన్నది వద్దు, లావుది తీసుకో అని ఒక్క మాట చాలు. కానీ ఆ మాట జూన్‌లో ఈ పక్కన నిలబడ్డ పిల్లకు చెప్పవలసిన మాట. ఆమె ముందు దాన్ని ఇంకొకరికి ఎలా చెప్పాలో తెలియలేదు.

"రెండూ బాగుండాయమ్మా" అన్నాడు.

రమ్య నవ్వింది. అట్లా చెప్తే ఎట్ల సార్ అంటూ తనే కంపెనీ కాగితాలు రెండూ అందుకుని సౌమ్యకు చూపించడం మొదలుపెట్టింది. ఈ నాలుగు నెలల క్లాసులో ఆమెకు ఆ మాటలన్నీ తెలిసిపోయాయి. ఇది ప్రాసెసర్, ఇది తెర వెలుగు అని చెప్తూ వచ్చి, సన్నదాని కాగితంలో ఒక చోట ఆమె వేలు ఆగింది. అదే చోటు, ఆన్‌బోర్డ్ అన్న చోటు. నవ్వు మెల్లగా పోయింది. ఆ అక్షరాలు చూసి, బల్ల అవతల గురుమూర్తిని చూసింది.

"ఆ శనివారం ఫోన్ చేసినారు కదా సార్. దీనికేనా?" అంది.

గురుమూర్తి తల వంచుకున్నాడు.  రమ్య లాప్‌టాప్‌ను సంచీలో పెట్టుకుని, పోదాం పా అని సౌమ్య చెయ్యి పట్టుకుంది. వదులు చెప్పుల చప్పుడు మెట్ల మీద కింది దాకా వినపడింది. మైసూర్‌పాక్ డబ్బా బల్ల మీదే ఉంది.

ఆ ఏడాది గురుమూర్తి పేరు కింద మూడో గీత పడనే లేదు. అయినా తరువాతి సోమవారం నుంచి ఆయన కె.ఆర్.పురం గోడౌన్‌లో ఉన్నాడు. తనే అడిగి వెళ్ళాడు. అశోక్‌కుమార్ ఎందుకని ఆశ్చర్యపోయి అడిగితే మెట్లు ఎక్కలేకపోతున్నానన్నాడు. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టెలు లెక్కపెడతాడు. సీలు వేసిన పెట్టెలు, ఒక్కటీ విప్పే పని లేదు. ఏది బాగుందని అడిగేవాళ్ళు ఎవరూ రారు.